పసిపిల్లలచే పిండిబొమ్మలు, చేతిగుర్తులు చేయించు విధానము

మన పత్రికలో విత్తనశుద్ధిని గూర్చియు, ఎరువుల మోతాదును గూర్చియు, సంఘపు అప్పుల వాయిదాలను గూర్చియు తఱచుగా వ్రాయుచున్నాము. ఈ మాసమున రైతు గృహములోని పసిపిల్లలకు సంబంధించిన యొక చిన్న పనిని గూర్చి వ్రాయ దలచితిమి. పిండి ముద్దచేసి, దానిపై బిడ్డ అరచేతిని అద్ది, ఎండబెట్టి దాచుకొనుట. అదే పిండితో బిడ్డలచేత చిన్న చిన్న బొమ్మలు చేయించి గుమ్మమునకో, పండుగనాటి కొలువునకో అలంకారముగా నుంచుట. ఇది పట్టణములలో ఇప్పుడు వేడుకగా జరుగుచున్నది, పల్లెలకును వచ్చినది. మూడేండ్ల బిడ్డ అరచేయి మరుసటి యేటికి ఆ కొలతలో నుండదు. సెల్‌ఫోనులో తీసిన ఛాయాచిత్రములు ఫోనుతోకూడ పోవుట అందఱెరిగినదే. కావున చేతికి తగులునట్టి గుర్తొకటి ఇంట నుండవలెనని తల్లిదండ్రులు కోరుట సహజము. అయితే ఉప్పుపిండితో చేసిన గుర్తు వేసవిలో రాయివలె నుండి, ఆషాఢమాసపు ముసురులో చెమ్మగిలి, శ్రావణము వచ్చుసరికి గోడమీదనే మెత్తబడి జారిపోవును. అప్పుడు మరల చేయుదమన్నను ఆ చేయి దొరకదు. అట్లు పోకుండ చేయు విధానమును, ఈ పనిలో నున్న అపాయములను ఇందు వివరించెదము.

పిండితో రూపములు చేయుట ఒక దేశమువారి సొత్తు కాదు. జర్మనీలో గోధుమపిండి, ఉప్పు, నీరు కలిపి క్రిస్మసు చెట్టునకు వ్రేలాడదీయు బొమ్మలు చేయు వాడుక కలదు. దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు దేశమున, రాజధానియైన కీటోకు చేరువనున్న కాల్డెరోన్ అను ఊరిలో, నవంబరు 2వ తేదీని మృతులను స్మరించుటకై చేయు రొట్టెబొమ్మల నుండి రంగురంగుల పిండిబొమ్మల వృత్తియే పెరిగినది. చీనాలో గోధుమపిండియు, జిగురు బియ్యపు పిండియు కలిపి వీధులలో బొమ్మలు చేయు శిల్పులున్నారు. మనకును ఇది క్రొత్త కాదు. చలిమిడితో ప్రమిద చేసి దీపము వెలిగించుట మన ఇల్లాండ్రెరిగినదే. కర్ణాటకము నానుకొనియున్న అనంతపురము, కర్నూలు ప్రాంతములలో జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు మట్టితో ఎడ్లబొమ్మలు చేసి పూజించుదురు. ఆ మట్టి పిసుకుటలో మొదటి చేతులు పిల్లలవే. కాబట్టి మన పిల్లలకు పని నేర్పవలసిన అవసరము అంతగా లేదు. పిండిని గూర్చి పెద్దలు తెలిసికొనవలసినదే యెక్కువ.

ముందుగా ఉప్పుపిండి సంగతి చెప్పెదము. ఒకే గ్లాసుతో రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు ఉప్పు కొలిచి పొడిగానే కలుపవలెను. కళ్ళుప్పు వాడదలచినచో మెత్తగా దంచి జల్లించవలెను. లేనిచో పలుకులు పైకి తేలి బొమ్మ గరుకెక్కును. పిమ్మట నీరు కొద్దికొద్దిగా పోయుచు, చపాతీ పిండికంటె గట్టిగా వచ్చువరకు పిసుకవలెను. ఒక గ్లాసు నీరు పూర్తిగా పట్టకపోవచ్చును. పది నిమిషములు తడిగుడ్డ కప్పియుంచి మరల పిసికినచో పగుళ్ళు తగ్గును. పై కొలతకు నాలుగంగుళముల వెడల్పు, పావంగుళము మందముగల బిళ్ళలు ఎనిమిది మొదలు పది వరకు వచ్చును. తిండిగింజను ఆటకు పాడుచేయవచ్చునా యని ఇంటి పెద్దలు కోపించుట న్యాయమే. అందుచేత డబ్బా అడుగున పురుగుపట్టి రొట్టెకు మనసొప్పని పిండిని జల్లించి ఈ పనికి వాడుడు. బూజుపట్టి ముక్కినదానిని మాత్రము పిల్లల చేతికీయరాదు.

గోధుమపిండియే యెందుకని అడుగవచ్చును. గోధుమలో తడి తగిలినప్పుడు సాగునట్టి జిగట పదార్థము కలదు. దానిని గ్లూటెన్ అందురు. బియ్యములోను, జొన్నలోను, మొక్కజొన్నలోను అట్టిది లేదు. జొన్నరొట్టె చేయువారు వేడినీళ్ళతో పిండి కలుపుట ఇందుచేతనే. పిండిలోని గంజి కొంత ఉడికి జిగురు వచ్చిననే గాని రొట్టె విరుగక నిలువదు. చల్లనీటితో కలిపిన బియ్యపుపిండి బిళ్ళ ఆరునప్పుడు నాలుగు వైపుల పగులును.

ఇక అపాయము సంగతి. పై ముద్దలో మూడవవంతునకు మించి ఉప్పేయుండును. నిమ్మకాయంత ఉండలో 12 గ్రాములకు తక్కువ కాకుండ ఉప్పు చేరును. పెద్దవారికే దినమునకు 5 గ్రాములకు లోపుగా ఉప్పు వాడుట మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. చలిమిడి తిన్న అలవాటున బిడ్డ ఆ ఉండను నోట వేసికొనినచో ఎంత ప్రమాదమో ఊహించుకొనుడు. వాంతులు, తీరని దాహము, మగత, ఒక్కొక్కప్పుడు వాయువు కమ్ముట కూడ జరుగును. పల్లెలలో ఏదైన తినరానిది తిన్న బిడ్డకు ఉప్పునీరు త్రాగించి కక్కించు పద్ధతి కలదు. ఏ సందర్భమునను అది మంచిది కాదు. ఇచ్చట మాత్రము అది ప్రాణాంతకము. ఆలసింపక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ఈ కారణముచేత మూడేండ్ల లోపు బిడ్డకు ఉప్పుపిండి ఆటకు ఇచ్చి పనిలోనికి పోరాదు. తల్లి చేతిలో బిళ్ళ పట్టుకొని, బిడ్డ అరచేయి అద్దించి, వెంటనే కడిగివేయవలెను. చేతికి గీతలు, పుండ్లు ఉన్నచో ఉప్పు మండును, బిడ్డ ఏడ్చును, ఆ దినమున మానుట మంచిది.

మిగిలిన పిండిని పెంటపై పారవేయుటయు తప్పే. కోళ్ళకు ఉప్పు మితిమీరినచో విషమగును, కుక్కలకును అంతే. గుంట తీసి పూడ్చవలెను. అదియు కూరపాదుల దగ్గఱ కాదు.

మరియొక మాట రైతులకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. గుండ్రని బిళ్ళలు కోయుటకు ఇంటిలో మూత యేది దొరకునాయని వెదకునప్పుడు పురుగుమందు సీసాల మూతలు, మందు కొలిచెడి గిన్నెలు చేతికి వచ్చును. ఎన్నిసార్లు కడిగినను వాటిని తాకనీయరాదు. అట్లే అలంకారమునకై గింజలు అద్దుట కలదు. వేరుసెనగ, కంది, మొక్కజొన్న గింజలు పిండిలో పొదిగిన చూడ ముచ్చటగా నుండును. కాని విత్తనమునకై మందు పట్టించిన, గులాబివన్నె రంగువేసిన గింజలు పిల్లల ఎదుట పెట్టరాదు. ఇంట వండుకొను గింజలనే వాడుడు.

చేతిగుర్తు తీయుట చూచుటకు సులభము, చేయుటకు కొంచెము ఓర్పు కావలెను. బిళ్ళను పీటపై సమముగా వత్తి, పైన చిటికెడు పొడిపిండి చల్లి, బిడ్డ అరచేతిని మధ్యనుంచి, తల్లి తన వ్రేళ్ళతో బిడ్డ వ్రేళ్ళ నొక్కొక్కటిగా మెల్లగా అదుమవలెను. పిదప మణికట్టువైపు నుండి పైకెత్తవలెను. ఏడాది లోపు బిడ్డలు పిడికిలి విప్పరు. వారికి పాదము గుర్తే మేలు. నిద్రించునప్పుడు తీసినచో ఇంకను సులువు. గుర్తు చెదరినచో బిళ్ళను మరల ముద్దచేసి వత్తుడు, పోయినదేమియు లేదు. వ్రేలాడదీయుటకు రంధ్రము కావలసినచో సన్నని వెదురు గొట్టముతో అంచునకు అరంగుళము లోపలగా పొడువవలెను. ఆరునప్పుడు కొంత మూసికొనిపోవును గనుక కావలసినదానికంటె పెద్దదిగా చేయుట మంచిది. వెనుకవైపున తడియుండగనే తుమ్మముల్లుతో బిడ్డపేరు, వయస్సు, తేది వ్రాయుడు. ఆ యేడు వేసిన పైరును, వానలు కురిసిన తీరును ఒకటి రెండు మాటలలో చేర్చినచో ఇరువదేండ్ల తరువాత చదువుటకు బాగుండును.

అరచేతి గుర్తే కాక, చేలలోని వస్తువులను అద్దుట పిల్లలకు మిక్కిలి ప్రీతి. వరికంకిని అద్ది తీసినచో గింజగింజకు గుంట పడును. ఆకును వెనుకవైపుగా అద్దినచో ఈనెలన్నియు కనబడును. రావియాకు, చిక్కుడాకు ఇందుకు బాగుండును. పత్తి గుల్ల విచ్చిన తొడిమ పువ్వువలె గుర్తు వేయును. పంట ఇంటికి వచ్చినప్పుడు పిచ్చుకలకై వరికుచ్చులు చూరుకు కట్టుట మన పూర్వుల వాడుక. వాటి ప్రక్కన ఈ బిళ్ళలను కట్టినచో అందముగా నుండును. అయితే చూరు చివరను గాక లోపలివైపున కట్టవలెను. జల్లు తగిలినచో నిలువవు.

నాలుగైదేండ్ల బిడ్డలు ఉండలు, పాములు చేయుదురు. ఆరేడేండ్లవారు ఎద్దును, బండిని, బావిని చేయ బూనుదురు. ఎద్దునకు కాళ్ళు అయిదు వచ్చును; కొమ్ములు చెవులకంటె చిన్నవగును. ఇచ్చట పెద్దలు చేయి పెట్టకుండుట కష్టము. తండ్రి ఎద్దు లక్షణములు తెలిసినవాడు; బిడ్డ చేసినదానిని తీసికొని మూపురము దిద్ది, కొమ్ములు వంచి, గంగడోలు తీర్చి అందమైన కోడెదూడను చేసి ఇచ్చును. బిడ్డ దానిని చూచి సంతోషించి, ఇక తాను చేయక ఊరకుండును. దాచదగినది అయిదుకాళ్ళ యెద్దే యని మా అభిప్రాయము. కోడెదూడ బొమ్మ సంతలో దొరకును. పెద్దలు చేయదగిన సాయమొక్కటే: కాళ్ళు, తల అతికినచోట్ల తడిచేసి గట్టిగా నొక్కి యిచ్చుట. పొడిపిండికి పొడిపిండి అతుకదు. ఆరిన తరువాత ఊడి క్రిందపడును.

ఆరబెట్టుటలోనే ఎక్కువ బొమ్మలు చెడుచున్నవి. చేసిన వెంటనే మండుటెండలో పెట్టినచో పైభాగము బిగిసి, లోపలి తడి బయటికి రాలేక బిళ్ళ వంగును, పగులును. మొదటి దినమంతయు నీడలో గాలి తగులుచోట ఉంచి, నాలుగైదు గంటల కొకమారు త్రిప్పవలెను. రెండవ దినము మొదలు ఎండలో పెట్టవచ్చును. పావంగుళపు బిళ్ళకు మంచి ఎండలో మూడు నాలుగు దినములు పట్టును. ఎద్దుబొమ్మ వంటి మందమైనవానికి వారమును మించును. పట్టణములవారు విద్యుత్తు పొయ్యిలో 100 డిగ్రీల సెంటిగ్రేడు చుట్టుప్రక్కల వేడిలో రెండు మూడు గంటలుంచుదురు. మన ఎండ దానికి తీసిపోదు, కాలము మాత్రము ఎక్కువ పట్టును. లోపల ఆరినదీ లేనిదీ తెలిసికొనుటకు బిళ్ళను నీడలోనికి తెచ్చి కొంతసేపాగి చెక్కిలికి ఆనించి చూడుడు. చల్లగా తోచినచో ఇంకను తడి యున్నదని తెలియవలెను. చీమలు పట్టకుండ పీట కాళ్ళను నీటిపళ్ళెములలో నుంచుట మరువరాదు.

ఇక వానకాలపు సంగతి. గాలిలోని తేమ నూటికి 75 పాళ్ళు దాటినచో ఉప్పు ఆ తేమను పీల్చి తానే కరుగనారంభించును. ఇది శుద్ధమైన ఉప్పు సంగతి. కళ్ళుప్పులో మెగ్నీషియము లవణము కూడ చేరియుండుటచే అది అంతకు ముందుగనే చెమ్మగిలును. వంటింటి ఉప్పుజాడీ వానలలో నీరోడుట చూచుచునే యున్నాము. గోదావరి, కృష్ణా మండలములలోను, సముద్రతీరమంతటను వానకాలమున గాలి తేమ ఆ హద్దును దాటియుండుట సాధారణము. చలిదేశములవారి ఇండ్లలో చలికాలమున మంటలు వేసి గాలిని వెచ్చచేయుటచే లోపల పొడిగా నుండును. అందుచే వారి ఉప్పుబొమ్మలు ఏండ్లు నిలుచును. వారి కొలతను మనము తెచ్చుకొంటిమి గాని, వారి పొడిగాలిని తెచ్చుకొనలేదు. వార్నీషు రెండు వైపుల, అంచులతో సహా, రంధ్రపు లోపలితోకూడ మూడు పూతలు వేసినచో కొంతకాలము కాపాడును. ఒక్క సూదిమొన యంత చోటు వదలినను తేమ అచ్చటినుండియే దూరును. లోపల ఆరకమునుపే పూత వేసినచో ఉన్న తడి లోపలనే చిక్కి బూజు పట్టును. ఉప్పుపిండితో చేసితీరవలె ననువారు జ్యేష్ఠము మొదలు కార్తికము వరకు వాటిని కాగితములో చుట్టి, మూత బిగువుగల డబ్బాలో దాచుట తప్ప వేఱు మార్గము లేదు.

ఏండ్ల తరబడి ఉండవలసిన చేతిగుర్తుకు మేము మెచ్చునది మరియొకటి కలదు. విజయవాడకు చేరువనున్న కొండపల్లి బొమ్మలను ఎరుగనివారుండరు. తెల్లపొణికి కఱ్ఱతో చేయి, కాలు, తల వేఱువేఱుగా చెక్కి, వాటిని అతుకుటకును, ఒంపులు తీర్చుటకును అచ్చటివారు మక్కు అను ముద్దను వాడుదురు. అది చింతగింజల పొడియు, ఱంపపు పొట్టును కలిపి చేసినది. ఆ మక్కులో ఉప్పు లేదు. కనుక ఉప్పువలె గాలినుండి నీటిని పీల్చి కరుగదు. చింతపండు కొట్టిన తరువాత గింజలు మన ఇండ్లలో ఊరక పడియుండునవే.

ఇంటిపట్టున దానిని ఇట్లు చేయవచ్చును. చింతగింజలను మూకుటిలో వేయించి, పైపెంకు చిట్లినంతట రోట దంచి పొట్టు చెరుగవలెను. తెల్లని పప్పును రాత్రి నానవేసి, ఉదయము మెత్తగా రుబ్బి, నీరు కలిపి సన్నని సెగపై కలియబెట్టుచు ఉడికించినచో చిక్కని బంక వచ్చును. వడ్రంగి యొద్ద తెచ్చిన ఱంపపు పొట్టును పలుచని గుడ్డతో జల్లించి, ఆ మెత్తని పొడిని బంక చల్లారుచుండగా కొంచెము కొంచెముగా చేర్చి పిసుకవలెను. గింజను బట్టియు, పొట్టును బట్టియు పాలు మారును గనుక ఖచ్చితమైన కొలత చెప్పుటకు వీలులేదు. వ్రేలితో నొక్కిన గుంట అట్లే నిలిచి, ముద్ద చేతికి అంటుకొనకయుండుటయే గుర్తు. దంచుట, ఉడికించుట, జల్లించుట పెద్దల పని. పొట్టు దుమ్ము పిల్లల ఊపిరికి మంచిది కాదు. కలిపిన మక్కు ఉప్పుపిండివలె నిలువయుండదు. ఆ దినమే వాడవలెను; లేనిచో పులియును.

మక్కు గోధుమపిండివలె నునుపుగా రాదు. బిడ్డ చేతిగీతలు సన్నముగా పడవు గాని వ్రేళ్ళ ఆకారము, అరచేతి కొలత చక్కగా వచ్చును. ఆరునప్పుడు కొంత కుదించుకొనును. బంక పలుచనైనచో ఆ కుదింపు మిక్కుటమై పగుళ్ళు వచ్చును. వాటిని అదే ముద్దతో పూడ్చి మరల ఆరబెట్టవచ్చును. బాగుగా ఆరినదానికి కూడ వార్నీషు పూత అవసరమే; నీట పడినచో ఇదియు మెత్తబడును. పురుగు రాకుండ కొందఱు మెంతులు నానవేసి రుబ్బి చేర్చుదురు. పాత కాగితములు నానబెట్టి, మెంతులతో రుబ్బి, కుండమీద పూసి బుట్టలు చేసిన అవ్వలు మన ఊళ్ళలో నిప్పటికిని ఉన్నారు. వారినడిగినచో ఏ ముద్ద ఎంత ఆరవలెనో మాకంటె బాగుగా చెప్పుదురు. నిజమునకు ఆ కాగితపు గుజ్జే పసిపిల్లల చేతికి అన్నిటికంటె సురక్షితమని చెప్పవచ్చును. అచ్చుసిరాలేని తెల్లకాగితము దొరకినచో మరియు మేలు.

రంగుల విషయమున తొందరపడరాదు. ఇంట గోడలకు వేసి మిగిలిన పాత రంగుడబ్బా అటకమీద నుండును. పసుపుపచ్చ, నారింజ, ఎరుపు రంగులలో సీసము కలుపుట పూర్వము సర్వసాధారణము. సీసము పసిబిడ్డల మెదడును చెఱచును. మన దేశమున 2016లో చేసిన నిబంధనల ప్రకారము 2017 నవంబరు 1వ తేదీనుండి ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదు. ఆ తేదీకి పూర్వపు డబ్బాలను మూతతోకూడ పిల్లలకు దూరముగా నుంచుడు. మనకు సున్నము, జాజు, బొగ్గుపొడి, పసుపు చాలును. పసుపులో సున్నపునీరు చేర్చినచో పారాణి ఎరుపు వచ్చును. పిల్లలకు ఆ మార్పు ఇంద్రజాలమువలె తోచును గాని, సున్నపు తేట కలుపుట పెద్దలే చేయవలెను; కంటబడినచో కన్ను చెడును. పసుపు రంగు ఎండకు వెలియును, జాజు వెలియదు. రంగులను పలుచని గంజితో కలిపి పూయవలెను. నీరెక్కువైనచో ఆరిన బిళ్ళ మరల తడిసి ఉబ్బును.

సంక్రాంతి బొమ్మలకొలువునకు గాని, క్రిస్మసునకు గాని చేయదలచినవారు కార్తికము వెళ్ళినంతనే మొదలిడుట మంచిది. అప్పుడు గాలి పొడిగా నుండును. వరికోతలు ముగిసి తల్లులకు కొంత తీరికయు దొరకును. చింతగింజలు మాత్రము వేసవిలో పండు కొట్టునప్పుడే ఎండబెట్టి దాచుకొనవలెను. ఊరిలోని సంఘ సభ్యురాండ్రు నలుగురైదుగురు కలిసి, ఒకరి యింట గింజలు వేయించి, ఒకరి యింట రుబ్బి, ఒకే దినమున ముద్ద చేసికొనినచో ఖర్చు పంచుకొనబడును. అంగన్‌వాడి పిల్లలందఱి చేతిగుర్తులు ఒక్క పూటలో తీయవచ్చును. బిళ్ళ వెనుక పేరు వ్రాయుట మాత్రము అప్పటికప్పుడే జరుగవలెను. ఆరిన తరువాత ఏ చేయి ఎవరిదో తల్లులుకూడ గుర్తింపలేరు.